బైలడిల్లా గూడ్సు మన గుమ్మం ముందు నుంచే పోయింది

2025 ఆగస్టులో మోదీ టోక్యో వెళ్లొచ్చాక పదేళ్లలో జపాన్ నుంచి 10 లక్షల కోట్ల యెన్‌ల పెట్టుబడులు అన్నారు కదా, దానికి వైజాగ్‌లో కూడా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదండి. జపాన్‌తో 2011లో కుదిరిన వాణిజ్య ఒప్పందం తర్వాత కూడా మనం వాళ్లకి అమ్మేదానికంటే వాళ్ల దగ్గర కొనేదే ఎక్కువ, 2023-24లో అయితే మూడు రెట్లు పైనే. ఆ లెక్కలు అటుంచుదాం, మన ఊరి లెక్క ఒకటి పాతది ఉంది.

అరకు వెళ్తూ సొరంగాలు లెక్కపెట్టుకునే కొత్తవలస-కిరండూల్ లైను మన టూరిజం కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా కొండల ఇనుప ఖనిజం జపాన్ స్టీల్ మిల్లులకి పంపడానికి 60ల్లో వేశారు. ఆ లైను పనులు నడుస్తున్న రోజుల్లోనే, 1966లో, ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీ కావాలని అడిగి 32 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది, ఎందుకు, పెద్ద ఓడల్లో అదే ఖనిజం ఎక్కించడానికి. మన ఫ్యాక్టరీని జాతికి అంకితం చేసేసరికి 1992. అప్పటికే పాతికేళ్ల నుంచి ఎర్రమట్టి వ్యాగన్లు మన ముందు నుంచే ఓడెక్కి పోతున్నాయి.

జపాన్ కొనకపోతే ఆ లైనూ లేదు, ఆ హార్బరూ లేదు అంటారు కొందరు. నిజమే, కాదనను. కానీ కొన్నవాడు దాంతో స్టీలు చేసి, కార్లు చేసి మళ్లీ మనకే అమ్మాడు, మనకి మిగిలింది లోడింగు కూలీ, దుమ్మూ.

అసలు మంట ఇక్కడ. విశాఖ ఉక్కుకి ఈరోజుకీ సొంత ఇనుప గని లేదు, బైలడిల్లా గనులు నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ దగ్గర మార్కెట్ రేటుకి కొనుక్కోవాలి, పైన రైలు చార్జీలు. నష్టం రాక ఏమొస్తుంది? 2021 జనవరిలో ప్లాంటు అమ్మేస్తామన్న కేంద్ర కేబినెట్టే, అదే ఏడాది జూలైలో జపాన్, కొరియా మిల్లులకి ఖనిజం సప్లై ఇంకో ఐదేళ్లు పొడిగించింది. 2025 జనవరిలో ప్లాంటుకి ఇచ్చిన 11,440 కోట్ల ప్యాకేజీలో కూడా గని మాట లేదు.

ఇప్పుడు నక్కపల్లిలో జపాన్ నిప్పన్ స్టీల్ భాగస్వామిగా ఉన్న కంపెనీ ప్లాంటు వస్తోంది, రానివ్వండి, పిల్లలకి ఉద్యోగాలొస్తాయి. వాళ్లకి కిరండూల్ నుంచి 267 కిలోమీటర్ల స్లర్రీ పైపు (ఖనిజం పొడిని నీళ్లతో కలిపి పంపేది) ఇప్పటికే ఉంది. విశాఖ ఉక్కు ఉన్న గాజువాక వాళ్లు అడిగేది పైపు కూడా కాదు, ఆ బైలడిల్లా కొండల్లో ఒక్క గని.