ముందు బరువు లెక్క, తర్వాతే తుపాకీ

రక్షణ శాఖ 2025 మార్చిలో ఫోర్స్ మోటార్స్, మహీంద్రా సంస్థలతో దాదాపు 5,000 తేలికపాటి వాహనాలకు ఒప్పందం కుదుర్చుకుంది. ఇవి 800 కిలోల బరువు మోస్తాయని ప్రకటించింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2021 మార్చిలో, 1,056 కోట్ల రూపాయలతో 1,300 తేలికపాటి ప్రత్యేక వాహనాలకు మహీంద్రా డిఫెన్స్‌కు ఆర్డరిచ్చింది. మీడియం మెషిన్ గన్లు, ఆటోమేటిక్ గ్రెనేడ్ లాంచర్లు, ట్యాంకు విధ్వంసక క్షిపణులు మోయడానికే ఆ 1,300. కొత్త 5,000 బండ్లలో ఎన్నింటిపై ఆయుధం ఎక్కుతుందన్నది తర్వాతి మాట. యుద్ధమంటూ వస్తే చేతికందిన ప్రతి బండి మీదా ఏదో ఒక గన్ను బిగిస్తారని ఎనిమిది దశాబ్దాల చరిత్ర చెబుతూనే ఉంది. అందుకే ఈ బండ్ల గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, వేగం గురించీ కాదు. ఆయుధం, మనుషులు, తూటాలు, నీళ్లు, ఇంధనం అన్నీ ఎక్కాక ఇంకెంత బరువుకు చోటు మిగులుతుంది?

800 కిలోలు వినడానికి బాగానే ఉంది. లెక్క వేసి చూద్దాం. హెల్మెట్, కవచం, సొంత రైఫిల్, కిట్టుతో కలిపి సైనికుడిని 100 కిలోలనుకుంటే డ్రైవరు, కమాండరు, గన్నరు, లోడరు నలుగురికే 400 అయిపోయాయి. వారి చేతికి ట్యాంకులను కొట్టే కొంకుర్స్ క్షిపణి ఇచ్చామనుకుందాం. నేలపై నిలిపే లాంచరు 22.5 కిలోలు. గొట్టంతో కలిపి ఒక్కో క్షిపణి 25 కిలోలకు పైనే, నాలుగు పెడితే 100 దాటాయి. ఆత్మరక్షణకు 7.62 మిల్లీమీటర్ల మెషిన్ గన్, బెల్టులో వెయ్యి తూటాలు కలిపి 40 పైచిలుకు. ఆయుధాన్ని నిలిపే ఉక్కు పీఠానికి తక్కువలో తక్కువ 50 పట్టాలి. రేడియోలు, బ్యాటరీలకు 30. నీళ్లు 40 లీటర్లు. 20 లీటర్ల డీజిల్ డబ్బాలు రెండంటే మరో 40. పార, గొలుసు, జాకీ, బండిని కప్పే వల, చిల్లర సామాను ఇంకో 40. కూడితే 770 దగ్గర తేలుతుంది. మిగిలింది 30 కిలోలు.

రక్షణ పలకలు ఇంకా లెక్కలోకి రాలేదు. ఉక్కు పలక చదరపు మీటరుకు, మందం పెరిగే ప్రతి మిల్లీమీటరుకూ 7.85 కిలోలు తూగుతుంది. 6 మిల్లీమీటర్ల పలకైతే చదరపు మీటరుకు 47 కిలోలు. గన్నరు ముందు ఒక షీల్డు, రెండు తలుపులకు పలకలు కలిపి మూడు చదరపు మీటర్లే వేసినా 141 కిలోలు పెరుగుతాయి. అంటే బండి తన పరిమితిని 110 కిలోలు దాటేసింది. పైగా ఆ మందం పలక దగ్గర్నుంచి పేలిన రైఫిల్ తూటాను ఆపుతుందా లేదా అన్నది ఉక్కు రకాన్ని బట్టి ఉంటుంది. ఫ్యాక్టరీ గేటు దాటాక యూనిట్లలో ఎవరికి తోచినట్టు వారు వెల్డింగ్ చేయించుకునే ప్రతి పలకా ఇలాగే ఎక్కుతుంది. దాని భారం వెనుక కమాన్ పట్టీల మీద, ఇరుసు మీద, బ్రేకుల మీద పడుతుంది.

ఈ లెక్క పాతవాళ్లకు తెలుసు. 1942లో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ ప్రత్యేక దాడి దళం ఎస్ఏఎస్ సైనికులు విల్లీస్ జీపులకు, విమానాల్లోంచి తీసిన వికర్స్ కే మెషిన్ గన్లను జంటలుగా బిగించుకున్నారు. గన్నులు ఎక్కించారు సరే, ముందుగా దించినవీ ఉన్నాయి. అద్దాన్ని తీసేశారు. రేడియేటరుకు గాలి బాగా తగలాలని ముందు జాలీ కడ్డీలు చాలావరకు కోసేశారు. మరిగిన నీరు వృథా కాకుండా ఆవిరిని తిరిగి నీటిగా మార్చే డబ్బా ముందు అమర్చారు. ఆ ఏడాది జులై 26 రాత్రి సిదీ హనీష్ వైమానిక స్థావరంపైకి 18 జీపులు వరుసలు కట్టి దూసుకెళ్లి, నేలపై నిలిచి ఉన్న జర్మన్ విమానాలను కాల్చి బూడిద చేశాయి. ఏది ఎక్కాలో, దానికోసం ఏది దిగాలో ముందే తేల్చుకున్న పని అది.

మన సైన్యానికి ఈ విద్యలో పెద్ద పాఠం 1965 పాకిస్థాన్ యుద్ధం. జీపుపై 106 ఎంఎం రీకాయిల్‌లెస్ గన్. గన్ను ఒక్కటే 209 కిలోలు, ఒక్కో గుండు 17 కిలోల దాకా ఉంటుంది. పావు టన్ను మోసే జీపుకు అది నిండు భారం. గన్నుకు వెనక్కి తన్నే గుణం లేదు కాబట్టే తేలిక బండిపై నిలబడగలిగింది. కానీ ఆ తన్నాల్సిన శక్తంతా మండే వాయువుగా వెనుక నుంచి చిమ్ముతుంది. వెనుక పదుల మీటర్ల మేర మనిషి నిలబడే వీలుండదు. లేచిన ధూళి మేఘం శత్రువుకు జీపు చోటు చూపించేస్తుంది. అందుకే ఒకటి కొట్టగానే చోటు మార్చాలి.

ఖేమ్‌కరణ్ సెక్టారులో చీమా గ్రామం దగ్గర 1965 సెప్టెంబరు 10న 4 గ్రెనేడియర్స్‌కు చెందిన కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ చేసింది సరిగ్గా అదే. పక్క నుంచి చుట్టి వచ్చి ముందున్న పాకిస్థాన్ పాటన్ ట్యాంకును కొట్టారు, వెంటనే చోటు మార్చి మరో ట్యాంకును తగలబెట్టారు. అప్పటికి ట్యాంకులు ఆయన జీపును గుర్తించి మెషిన్ గన్లు, గుండ్లు గురిపెట్టాయి. వెనక్కి తగ్గకుండా మరో ట్యాంకుపై కాలుస్తుండగా గుండు తగిలి నేలకొరిగారు. దేశం ఆయనకు పరమవీర చక్ర ఇచ్చింది. ఆ పతక పత్రాన్ని ఇంజనీర్లు కూడా చదవాలని మా కోరిక. జీపు బతికింది కదిలినంతసేపే, ఆపిన క్షణం నుంచీ గన్నరుకు అడ్డుగా ఏమీ లేదు. అరవై ఏళ్లు గడిచాయి. గన్నరు నడుము పైభాగం ఇప్పటికీ చాలా బండ్లలో గాలికే వదిలేసి ఉంది.

1987లో ఆఫ్రికా దేశం చాద్ సైన్యం టొయోటా పికప్‌లపై మిలాన్ ట్యాంకు విధ్వంసక క్షిపణులు పెట్టుకుని ఫాదా, వాదీ దూమ్ దగ్గర లిబియా ట్యాంకులను చిత్తు చేసింది. దాన్ని చూసి పికప్ ఉంటే ట్యాంకు అక్కర్లేదని తీర్పు చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఎడారిలో దాక్కునే చోటు తక్కువ, తిరిగే చోటు ఎక్కువ. లిబియా ట్యాంకులు కందకాల్లో కదలకుండా కూర్చున్నాయి. ఆ పరిస్థితులు పంజాబ్ కాలువల మధ్య ఉండవు, లద్దాఖ్ లోయల్లోనూ ఉండవు.

బరువు తర్వాతి సమస్య పీఠం. బండి నేల రేకు మీద నాలుగు బోల్టులతో నిలిపిన పీఠం మొదట్లో గట్టిగానే ఉంటుంది. గుంతల దారిలో వారం తిరిగితే బోల్టుల చుట్టూ రేకు చీలడం మొదలవుతుంది. పీఠం కాలు ఛాసిస్ చట్రానికే దిగాలి. బలం ఒక్కచోట పడకుండా రేకు కింద వెడల్పాటి పలక ఉండాలి. ప్రయాణంలో గన్నును తాళం వేసి కదలకుండా ఉంచాలి. అలా ఉంచకపోతే తిరిగే బేరింగు అరిగి, గురి చూసినచోట తూటా పడదు. గన్ను అన్ని వైపులా స్వేచ్ఛగా తిరిగితే పోరు హడావుడిలో సొంత యాంటెన్నాను, డ్రైవరు తల పైభాగాన్ని తాకే ప్రమాదం ఉంది. ఆ దిశల్లో ఆపే అడ్డుకట్టలు పీఠంలోనే ఉండాలి. పేలిన తూటాల ఖాళీ గొట్టాలు వేడివేడిగా డ్రైవరు మెడ మీద, బ్రేకు పెడల్ కింద పడతాయి. కాన్వాసు సంచి ఒకటి వేలాడదీస్తే తీరే బాధ ఇది, టెండరు పత్రంలో మాత్రం ఆ సంచి కనిపించదు.

మెషిన్ గన్ విషయంలో ఇంకో మాట. నిమిషానికి 200 చొప్పున కాలిస్తే మ్యాగ్ తరహా 7.62 మిల్లీమీటర్ల గన్నుకు రెండు నిమిషాలకోసారి బారెల్ మార్చాలి. అదనపు బారెల్ గన్నరు చేయి చాపితే అందేచోట ఉండాలి. వెనుక సామాను కింద కూరుకుపోతే లేనట్టే లెక్క. పక్కకు కాల్చేటప్పుడు తేలికపాటి బండి కమాన్ల మీద ఊగుతుంది. మొదటి రెండు మూడు తూటాలు గురి మీద పడి, మిగిలినవి చెదురుతాయి. చిన్న చిన్న విడతలుగా కాల్చడం తప్ప దీనికి మందు లేదు, అది శిక్షణతోనే వస్తుంది.

ఎత్తున పెట్టిన బరువు బండిని బోల్తా కొట్టిస్తుంది. ఇరాక్‌లో అమెరికా సైన్యపు తేలికపాటి బండ్లు హమ్వీలకు పలకలు తగిలించాక జరిగింది ఇదే. అసలు బండి ఆ భారానికి పుట్టింది కాదు. గేర్‌బాక్సులు, సస్పెన్షన్ దెబ్బతిన్నాయి. మలుపుల్లో, కాలువ గట్ల మీద బండ్లు తిరగబడ్డాయి. పైన నిలబడ్డ గన్నరు కింద నలిగేవాడు. నీళ్లలో పడితే బరువెక్కిన తలుపులు లోపలివారికి తెరుచుకోలేదు. ఆ తర్వాతే గన్నరుకు నడుము పట్టీ వచ్చింది. బండి ఒరుగుతోందనగానే లోపలివారు కేక వేసి గన్నరు కాళ్లు పట్టి కిందికి లాగే కసరత్తూ వచ్చింది. మన యూనిట్లలో ఈ కసరత్తు డ్రైవింగ్ పరీక్షలో భాగం కావాలి.

ఇక డ్రోన్లు. ఈ చర్చలో హైదరాబాద్‌కు సొంత బాధ్యత ఇక్కడే మొదలవుతుంది. కొంకుర్స్-ఎంను ప్రభుత్వ సంస్థ భారత్ డైనమిక్స్ నగరం దగ్గరి భానూరులో తయారుచేస్తుంది. దాని పరిధి 75 నుంచి 4,000 మీటర్లు, చివరి అంచు చేరడానికి 19 సెకన్లు. తీగ ద్వారా నడిచే క్షిపణి కాబట్టి ఆ 19 సెకన్లూ గన్నరు గురిని లక్ష్యం మీదే నిలపాలి, బండి కదలకూడదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే చిన్న డ్రోను అదే 19 సెకన్లలో 500 మీటర్లకు పైగా దూసుకొస్తుంది. ఉక్రెయిన్‌లో రెండు పక్షాల బండ్లూ ఈ డ్రోన్లకే ఎక్కువగా బలవుతున్నాయి. రేడియో సంకేతాలను చెడగొట్టే జామర్ కొన్నింటిని ఆపుతుంది, సన్నని ఫైబర్ తీగ లాక్కుంటూ వచ్చేవాటిని ఆపలేదు. పైకప్పు మీద ఇనుప జాలీ కొంత కాపాడుతుంది. కానీ ఆ జాలీకీ బరువుంది, అది గన్ను తిరిగే చోటునూ మింగుతుంది.

పేల్చి వదిలేస్తే తానే లక్ష్యాన్ని వెతుక్కునే క్షిపణి ఉంటే బండి వెంటనే చోటు మార్చగలదు. ఇన్‌ఫ్రారెడ్ కన్నుతో పనిచేసే మనిషి మోయగల ట్యాంకు విధ్వంసక క్షిపణి మీద డీఆర్‌డీఓ పరీక్షలు సాగిస్తోంది, ఆ పనిలో ఈ నగర ప్రయోగశాలల పాత్ర పెద్దది. మన మరో ట్యాంకు విధ్వంసక క్షిపణి నాగ్ మాత్రం గొలుసు చక్రాల భారీ బండి మీదే తిరుగుతోంది. క్షిపణి ఇక్కడ పుడుతోంది. సైనిక వాహనాల మరమ్మతు విద్య తిరుమలగిరిలోని సైనిక ఇంజనీరింగ్ కళాశాల ఎంసీఈఎంఈలో ఉంది. చిన్న యంత్ర భాగాలు చెక్కే చేతులు బాలానగర్, జీడిమెట్లలో ఉన్నాయి. అయినా బండి ఒకచోట, ఆయుధం ఒకచోట, పీఠం మరోచోట తయారై, ఆఖరున యూనిట్ వర్క్‌షాపులో వెల్డింగ్ టార్చి కింద కలుసుకుంటే అది యుద్ధ సన్నద్ధత అనిపించుకోదు.

మేం కోరుతున్నది ఖర్చుతో కూడిన పనే, అసాధ్యమైన పని కాదు. బండి టెండరులోనే ఆయుధాన్నీ పీఠాన్నీ కలిపి చెప్పాలి. అన్ని రకాల ఆయుధాలకూ ఒకే కొలతలో పీఠం అడుగు ఉండాలి. నేడు మెషిన్ గన్, రేపు గ్రెనేడ్ లాంచరు, ఎల్లుండి క్షిపణి అదే నాలుగు రంధ్రాల మీద కూర్చోవాలి. ఇంజను ఆపినా రేడియో, రాత్రి చూపు పరికరం, జామర్ నడిచేలా రెండో బ్యాటరీ విడి విద్యుత్ వలయంలో ఉండాలి. లేకపోతే మాటు వేసిన బండి తెల్లవారేసరికి స్టార్టు కాదు. అన్నిటికన్నా ముందు, 800 కిలోల పరిమితిలో 150 కిలోలు ముందే మినహాయించి, ఆ మేరకు యుద్ధ సమయంలో వచ్చే పలకలకు, జాలీలకు ఖాళీ ఉంచాలి.

బండ్లను స్వీకరించే పరీక్ష కూడా మారాలి. ఖాళీ బండిని ట్రాక్ మీద తిప్పి సంతకం పెట్టడం చాలదు. నలుగురు సైనికులు పూర్తి కిట్టుతో, నిండు తూటాలతో, నీళ్లు, ఇంధనంతో ఎక్కాలి. ఇసుకలో, రాళ్లలో, పక్క వాలుల్లో నడపాలి, ప్రతి దిశలో కాల్చి చూడాలి. పరీక్ష ముగిశాక పీఠం బోల్టులు, ఛాసిస్ చట్రం, వెనుక కమాన్లు విప్పి పగుళ్లు చూడాలి. ఆ పరీక్షలో తేలిన అంకెలను, ఏ ఆయుధంతో ఎంతమంది, ఎన్ని తూటాలు, ఎన్ని లీటర్లు మించకూడదో, ఒక లోహపు రేకు మీద చెక్కి ప్రతి బండి డాష్‌బోర్డుకూ రివెట్ కొట్టాలి.