ముందు మెరక, తర్వాతే షెడ్డు

పెదకాకాని దగ్గర హైవే పక్కన నాన్నగారు నాకు వదిలిన రెండెకరాలు ఉన్నాయి. ఆరేళ్ళ క్రితం అందులో 20 వేల చదరపు అడుగుల రేకుల షెడ్డు వేయించాను. డాలస్‌లో కూర్చుని వాట్సాప్‌లో ఫొటోలు చూస్తూ కట్టించాను. షట్టర్లు బిగించి, రంగులు వేయించి, అద్దెకు రెడీ అని బోర్డు పెట్టించాం. ఒక పెద్ద కంపెనీ తరఫున ముగ్గురు వచ్చి చూసి పావుగంటలో వెళ్ళిపోయారు. ఆ రాత్రి మా బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్ అబ్బాయ్, వాళ్ళు షెడ్డు చూడలేదురా. వంగి నేల చూశారు."

నేల అప్పటికే నెర్రెలు ఇచ్చింది. మాది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి చీలుతుంది. పత్తికీ మిర్చికీ బంగారం లాంటి ఆ మట్టి, పైన కాంక్రీటు పోస్తే ఊరుకోదు. కాంట్రాక్టర్ పైపైన చదును చేసి పోసేశాడు. సాయిల్ టెస్ట్ చేయించారా అని నేనూ అడగలేదు.

విజయవాడ, గుంటూరు మధ్య భూమి ఉన్న మనవాళ్ళు చాలామంది ఇప్పుడు గోడౌన్ ఆలోచనలో ఉన్నారు. 16వ నంబరు జాతీయ రహదారి ఉంది. చిన అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కృష్ణ దాటి కాజ వైపు వచ్చే పశ్చిమ బైపాస్ ఉంది. 2017లో జీఎస్టీ వచ్చాక పన్ను కోసం రాష్ట్రానికో చిన్న గోడౌన్ పెట్టుకునే అవసరం కంపెనీలకు తప్పింది. దారులు కలిసే చోట పెద్దది ఒకటి వెతుక్కుంటున్నాయి. ఎన్నారైలం కొత్తగా పొలం కొనడానికి లేదు, మన చేతిలో ఉన్నది తాతల నాటి నేలే. కన్వర్షన్, అంటే సాగుభూమిని వేరే వాడకానికి మార్పించడం, చేయించి షెడ్డు లేపాక దాన్ని మళ్ళీ పొలం చేయలేం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మనవాళ్ళకి కట్టడం తెలియదని కాదు. గుంటూరు చుట్టూ ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీలు చూడండి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎలా పేర్చాలో, ఎంత చల్లదనం ఉంటే రంగు నిలుస్తుందో తెలిసి కట్టినవి అవి. మామూలు గోడౌన్ దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రద్ధ పోతోంది. ఎవరు అద్దెకి వస్తారో తెలియదు కదా, ముందు పైకప్పు వేద్దాం అంటాం. ఎవరు వస్తారో తెలియనప్పుడే ఎక్కువ ఆలోచించాలి. రేపు వచ్చేది సబ్బుల కంపెనీ కావచ్చు, మందుల కంపెనీ కావచ్చు.

పాత గోడౌన్‌లో బస్తాలు నెట్టు కడితే పది పన్నెండు అడుగులు. ఇప్పుడు ఇనుప ర్యాకులు 10 మీటర్ల దాకా వెళ్తున్నాయి. చదరపు మీటరుకి 5 టన్నులు మోసే నేల అడుగుతున్నారు. సరుకు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ చక్రాల కింద నేల కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా, పైన సరుకుని లేపే దాని నిలువు స్తంభం, మాస్టు, అంతకు ఎన్నో రెట్లు ఊగుతుంది. మన నేలల్లో దీనికి దగ్గర దారి లేదు. ఇంజనీరు చెప్పిన లోతు వరకు నల్లమట్టి తీసేయాలి, గ్రావెల్ తోలించాలి, పొరపొరకీ నీళ్ళు పెట్టి రోలర్ తిప్పాలి. ఖర్చే. కానీ ఎలాగూ మట్టి మార్చక తప్పని చోట ఇంకొంచెం మెరక చేస్తే ఇంకో రెండు పనులు కలిసొస్తాయి.

ఒకటి, లారీ. లారీ బాడీ అడుగు భాగం నేల నుంచి సుమారు 4 అడుగుల ఎత్తులో ఉంటుంది. గోడౌన్ లోపలి నేల కూడా అంతే ఎత్తులో ఉంటే సరుకు చక్రాల మీద నేరుగా లోపలికి దొర్లుతుంది. లేకపోతే ముఠా కార్మికులు చెక్క బల్ల మీదుగా వీపున మోస్తూ దిగాలి. వాళ్ళ నడుములు ఆ బల్ల మీదే అరిగిపోతున్నాయి.

రెండోది, నీళ్ళు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడలో సింగ్‌నగర్‌నీ పాయకాపురాన్నీ రోజుల తరబడి ముంచింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రోజులు చూసిన ఏ కంపెనీ అయినా మొదట అడిగేది, ఇక్కడ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి అనే. లోపలి నేల ఒక్కటే ఎత్తితే చాలదు. లారీలు నిలిచే ఆవరణ, రోడ్డెక్కే దారి కూడా మెరక మీద ఉండాలి. పక్క పొలంలోకి నీళ్ళు నెట్టకుండా మురుగు కాలువకి దారి ఇవ్వాలి. మన మెరక వల్ల పక్క రైతు చేను మునిగితే అది న్యాయం కాదు.

మే నెల ఎండలో రేకుల కింద నిలబడి చూడండి. 30 డిగ్రీలు దాటకూడదని రాసి ఉన్న మందుల పెట్టెలు ఆ వేడిలో ఎలా ఉంటాయి? మనిషి మాత్రం ఎలా పనిచేస్తాడు? రేకు కింద ఇన్సులేషన్, వేడి గాలి పోయే వెంటిలేటర్లు మొదటే వేయించాలి. మంటలు ఆర్పే స్ప్రింక్లర్లూ వాటి నీళ్ళ ట్యాంకూ అంతే, సరుకు నిండాక పెట్టడం అయ్యే పని కాదు.

ఇక బాత్‌రూములు. ప్లానులో ఎప్పుడూ చివరికి మిగిలేవి ఇవే, నాకు కోపం తెప్పించేవీ ఇవే. గుంటూరులో మిర్చి తొడిమలు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. గోడౌన్లలో ప్యాకింగ్ పనికీ వాళ్ళే వస్తారు. రాత్రంతా నడిపి తెల్లవారుజామున చేరే డ్రైవర్‌కి స్నానానికి నీళ్ళు, పడుకోవడానికి నీడ కావాలి. వీళ్ళకి చోటు లేని గోడౌన్‌ని నేను రెడీ అనను.

మాది బోల్టుల మీద నిలిచిన షెడ్డు కాబట్టి విప్పించగలిగాం. మళ్ళీ లేపేది 14 వేల చదరపు అడుగులే. మిగిలిన డబ్బంతా మెరకకీ నేలకీ పోతోంది. బాబాయి నిన్న వీడియో పంపాడు. నల్లమట్టి కుప్పల పక్కన టిప్పర్ ఎర్ర గ్రావెల్ దించుతోంది. గేటు దగ్గర ఒక చిన్న గదికి గోడలు లేచాయి, పనికి వచ్చిన ఆడవాళ్ళ కోసం. ముందు అదే మొదలుపెట్టమన్నాను.