రూపాయి మిగిల్చిన ఎన్‌లార్జర్

గృహస్థుడు డబ్బు మిగుల్చుకోవడానికి పెద్దలు అనేక మార్గాలు చెప్పారు గానీ, నాలుగు బై ఐదు అంగుళాల నెగెటివ్‌కు సరిపడే ఎన్‌లార్జర్‌ను, అంటే ఫిల్ము మీది బొమ్మను ఫొటో కాగితం మీద పెద్దదిగా పడేసే యంత్రాన్ని, ఇంట్లోనే తయారు చేసుకోవడమనే మార్గం వారికి తట్టలేదు. ఆ లోటును నేను పూడ్చదలచుకున్నాను.

అసలు ఎన్‌లార్జరే అనవసరమని వాదించే సోమరులు కొందరున్నారు. అంత పెద్ద నెగెటివ్‌ను కాగితానికి ఆనించి వెలుగు చూపిస్తే అదే సైజు ప్రింటు వస్తుంది కదా, సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ గాజు పలకల నుంచి అలాగే ప్రింట్లు తీయలేదా అని వారి ప్రశ్న. ఆయనకు నిజాం కొలువు ఉంది కనుక పలకనే పెద్దది చేసుకోగలిగారు. మాది రెండు పడకగదుల ఫ్లాటు. బాల్టిమోర్ చిత్రకారుడు వుడ్‌వర్డ్ 1857లో పేటెంటు పొందిన సోలార్ కెమెరా ఎండతోనే బొమ్మను పెద్దది చేసేది, సూర్యుడు జరిగినకొద్దీ దాన్నీ తిప్పుకుంటూ ఉండాలి. కరెంటు బిల్లు దృష్ట్యా అదే శ్రేష్ఠం, కానీ నేను డార్క్‌రూముగా మార్చుకున్న మా బాత్రూము కిటికీ ఉత్తరం వైపుంది.

కనుక హాలు సీలింగు నుంచి ఊడదీసిన ఎల్‌ఈడీ ప్యానెల్, దాని కింద సైన్‌బోర్డుల దుకాణంలో దొరికిన పాలరంగు యాక్రిలిక్ ముక్క, ఆ కింద షోకేసు అద్దాలు రెండింటి నడుమ నెగెటివ్, పాత గొడుగుల గుడ్డతో కుట్టించిన బెలోస్ (వెలుగు చొరబడని మడతల గొట్టం), అడుగున 150 మిల్లీమీటర్ల లెన్సు అమర్చి, మొత్తాన్ని వంటింటి సొరుగు చానెళ్ల మీద పైకీ కిందికీ జరిగేలా గోడకు బిగించాను. అద్దానికి ఫిల్ము అతుక్కున్న చోట ఇంద్రధనుస్సు వలయాలు ఏర్పడ్డాయి. వాటికి సాక్షాత్తూ న్యూటన్ పేరుంది కాబట్టి లోపమనడానికి నాకు నోరు రాలేదు.

బొమ్మను నాలుగు రెట్లు పెంచాలంటే లెన్సు నుంచి కాగితానికి 75 సెంటీమీటర్లు, నెగెటివ్‌కు సుమారు 19 సెంటీమీటర్లు ఉండాలి. ఈ లెక్క మా ఇంట్లో కమోడ్ మూత మీద మాత్రమే కుదిరింది. నెగెటివ్, లెన్సు, కాగితం మూడూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలన్నది శాస్త్రం. కమోడ్ మూతను తయారుచేసేవారు మాత్రం దాని మీద రసమట్టం పెట్టి చూడరు. ఫలితంగా మొదటి ప్రింటులో చార్మినార్ మినార్లు పైకి వెళ్లేకొద్దీ రహస్యం చెప్పుకుంటున్నట్టు దగ్గరికి జరిగాయి. తలుపు బయట అరగంటగా నిలబడి ఉన్న మా ఆవిడ దాన్ని చూసి, "చార్మినార్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీరు పక్కకు జరగండి" అంది. కళను ఇంత తొందరలో అంచనా వేయకూడదు.

ఇక సేఫ్‌లైటు, అంటే కాగితం పాడవకుండా డార్క్‌రూములో వెలిగించుకునే దీపం. నలుపు తెలుపు కాగితానికి ఎరుపు కనిపించదు కనుక, కొత్త దీపం కొనకుండా దేవుడి గదిలోని ఎర్ర జీరో బల్బును తెచ్చుకున్నాను. దాని నిజాయితీని పరీక్షించడానికి కాగితం మీద రూపాయి బిళ్ళ పెట్టి, ఐదు నిమిషాలు ఆ వెలుగులో ఉంచి, బొమ్మను బయటికి రప్పించే డెవలపర్ ద్రావణంలో వేశాను. కాగితమంతా బూడిదరంగుకు తిరిగి, మధ్యలో బిళ్ళ మేర తెల్లగా, గుండ్రంగా మిగిలింది. అంటే కాగితానికి ఆ వెలుగు కనిపించింది, ఆ బల్బు పనికిరాదు. అయినా ఇన్ని నెలల నా పొదుపులో కంటికి కనిపించిన మొదటి రూపాయి అదే కాబట్టి, బొమ్మను స్థిరపరిచే హైపో ద్రావణంలో ముంచి, నీళ్లలో కడిగి, ఆరబెట్టి, బీరువాలో దాచాను.