గాలి శాఖను రద్దు చేయండి మహాప్రభో

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో పెద్ద కారున్న ప్రతి పెద్దమనిషి ఇంట్లోనూ ఒక రహస్యం ఉంటుంది. రాత్రి నిటారుగా నిలబెట్టిన బండి తెల్లారేసరికి వెనక్కి చతికిలబడి ఉంటుంది. ముందుగా చూసేది పాలవాడు. "ఏటి బాబూ, బండి ఎనకాతల కూకుండిపోనాది?" అని అడుగుతాడు. "అది పార్కింగ్ మోడ్" అని యజమాని గంభీరంగా సెలవిస్తాడు. బండి ఎత్తుని దాని ఖరీదుతో కొలిచే సమాజంలో ఇంతకు మించి జవాబు ఉండదు కూడా.

ఈ దుస్థితికి కారణం వెనుక ఇరుసు దగ్గర కొలువైన గాలి శాఖ, అంటే ఎయిర్ సస్పెన్షన్. టయోటా ప్రాడో 120 తరంలోని కొన్ని పై రకాలు, బీఎండబ్ల్యూ ఈ70 తరం ఎక్స్5లో కొన్ని, ఇలాంటి బండ్లలో ముందు చక్రాలకి మామూలు ఉక్కు స్ప్రింగులే ఉంటాయి. వెనక మాత్రం స్ప్రింగు ఉండవలసిన చోట రెండు రబ్బరు బెలూన్లు కూర్చుంటాయి. ఎత్తు కొలిచే సెన్సర్లు ఈ శాఖలో క్షేత్ర సిబ్బంది. వాళ్ల నివేదికలు చదివి ఆజ్ఞలిచ్చే పై అధికారి కంట్రోల్ మాడ్యూల్, జన్మలో ఒక్కసారైనా చక్రం దగ్గరికి వెళ్లి చూడడు. సంతకం పడితే గాని గాలి కదలనివ్వని గుమాస్తా వాల్వ్ బ్లాక్. ఇక పనంతా చేసేది ఒకే ఒక్క అటెండరు, కంప్రెసర్. ఏ శాఖలోనైనా జరిగేదే ఇక్కడా జరుగుతుంది. తప్పు చేసేది ఒకరు, సస్పెండయ్యేది అటెండరు.

అసలు తప్పు రబ్బరుది. బెలూన్ తనలోకి తాను మడత పడుతూ కిందికీ పైకీ దొర్లుతుంది. ఆ మడతలోకి కోరాపుట్ ఎర్రమట్టి చేరితే ప్రతి గోతికీ ఉప్పుకాగితంలా రాస్తుంది. కొన్నేళ్లకి మడత దగ్గర సన్నని పగుళ్లు వస్తాయి, గాలి చల్లగా జారుకుంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు ప్రావిన్సు అయినప్పుడు కోరాపుట్టూ పర్లాకిమిడీ మద్రాసు నుంచి విడిపోయాయి గాని, గోతుల విభజన మాత్రం ఇప్పటికీ పూర్తి కాలేదు. అవి రెండు వైపులవారికీ ఉమ్మడి ఆస్తి.

గాలి పోయిన కొద్దీ కంప్రెసర్ నింపుతూనే ఉంటుంది. అది కొద్ది నిమిషాలు తిరిగి ఆగడానికి చేసిన యంత్రం, నూనె లేని పిస్టన్ రింగు దానిది. ఆగకుండా తిరిగితే వేడెక్కి రింగు అరుగుతుంది. కొన్నిసార్లు దానికి కరెంటిచ్చే రిలే స్విచ్చి పాయింట్లు అతుక్కుపోయి బండి ఆపాక కూడా తిరుగుతూనే ఉండి, బ్యాటరీని కూడా తనతోపాటు తీసుకుపోతుంది. దీనికన్నా లోతైన కుట్ర ఇంకొకటుంది. కంప్రెసర్ పక్కనే చెమ్మ పీల్చే సిలికా గుళ్ల డబ్బా ఉంటుంది. బండిని కిందికి దించేటప్పుడు బెలూన్లోని పొడిగాలి ఆ గుళ్ల మీదుగా బయటికి పోతూ వాటిని ఆరబెడుతుంది. లీకున్న బండిలో గాలి ఆ దారిన పోదు, చిల్లు దారిన పోతుంది. గుళ్లు ఆరవు. లోపలికొచ్చే చెమ్మంతా వాల్వులకి చేరుతుంది, అవి పట్టేస్తాయి. అంటే ఒక రబ్బరు మడతలో మొదలైన అవినీతి శాఖ మొత్తానికి పాకడానికి రెండు వానాకాలాలు చాలు. కోరాపుట్ కొండల మీది సునాబెడ వానలైతే ఒకటే చాలు.

మన దగ్గర అమల్లో ఉన్న వైద్యం ఏమిటంటే, కంప్రెసర్ మార్చడం. లీకు అలాగే ఉంటుంది. కొత్త అటెండరు వచ్చి పాతవాడి చావే చస్తాడు. తరవాత మూడోవాడు. కాబట్టి పర్సు తీసేముందు చేయవలసిన పని, షాంపూ కలిపిన నీళ్లు. ఇంజను నడుస్తూ బండి పూర్తి ఎత్తులో ఉన్నప్పుడు బెలూన్ మడతల్లో, గొట్టాల జాయింట్ల మీద, వాల్వ్ బ్లాక్ మీద, సిలికా డబ్బా మూత చుట్టూ చల్లండి. బుడగలు వచ్చినచోటే నేరస్తుడు. చేయి పెట్టి చూడండి, తల మాత్రం పెట్టకండి. గాలి మీద నిలబడ్డ బండి కింద దూరడం కన్నా సాలూరుకి దిగే సుంకి ఘాట్ రోడ్డులో ఎదురు లారీని దాటడం క్షేమం.

నేరస్తుడు ఒక్క బెలూనే అయి, మిగతా శాఖ ఆరోగ్యంగా ఉంటే, రద్దు అక్కర్లేదు. బెలూన్లు జతగా మార్చి, సిలికా గుళ్లు కొత్తవి పోస్తే గాలి శాఖ తిరిగి కొలువుతీరుతుంది. వారానికి ఏడుగురు ఎక్కి సామానుతో సింహాచలం వెళ్లే కుటుంబానికి నిజానికి గాలే మంచిది. బరువు పెరిగితే పీడనం పెరుగుతుంది, ఎత్తు మారదు, ఊపు మారదు. ఉక్కుకి ఆ తెలివి లేదు. కాని బెలూన్లు రెండూ, కంప్రెసర్, వాల్వులు అన్నీ ఒకేసారి పోయి, బండి రోజూ ఇద్దరితో గుణుపురం వెళ్లి వచ్చేదే అయితే, శాఖను రద్దు చేసి ఉక్కు స్ప్రింగులు వేసుకోవడమే పరిపాలనా సంస్కరణ. మేం ఇక్కడ సమర్థించేది ఇదే.

సంస్కరణకి మొదటి శత్రువు "ఏ స్ప్రింగైతే ఏటి?" అనే మాట. కంపెనీ గాలి బండికి సరిపడేలా చేసిన స్ప్రింగుల కిట్టు కాకుండా, పాతసామాన్ల కొట్లో దొరికిన వేరే బండి స్ప్రింగు తెచ్చి కూర్చోబెట్టే ఘనులున్నారు. సాలూరు లారీ మేస్త్రీల మీద గౌరవం తగ్గకుండానే ఒక లెక్క చెప్పాలి. స్ప్రింగు గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. తీగ 14 మిల్లీమీటర్ల నుంచి 15కి పెరిగితే కంటికి తేడా తెలియదు, గట్టిదనం మాత్రం దాదాపు 32 శాతం పెరుగుతుంది. ఎత్తు ఎక్కువైందని గ్యాసు మంటతో ఒక చుట్టు కోసేవారికి ఇంకో లెక్క. పనిచేసే చుట్లు 8 ఉన్న స్ప్రింగులో ఒకటి తీసేస్తే మిగిలింది పొట్టిదవుతుంది, గట్టిదనం 14 శాతం పెరుగుతుంది, మంట తగిలిన దగ్గర ఉక్కు పదును చచ్చి కొన్నాళ్లకి అక్కడే విరుగుతుంది. కోసిన కొస సీటులో సరిగ్గా కూర్చోదు కూడా. ఈ పని చేశాక బండి నిలబడింది కదా అని సంబరపడతారు. నిలబడింది నిజమే, నడిచినప్పుడే నడుము విరుగుతుంది.

బరువు లెక్క కూడా ఒకసారి చూడాలి. ఒక్కో స్ప్రింగు మిల్లీమీటరుకి 40 న్యూటన్లు అనుకుందాం, వెనక చక్రాలు రెండింటినీ కలిపే ఒకే గట్టి ఇరుసు మీద చక్రానికి దగ్గరగా ఉందనుకుందాం. వెనక ఇంకో 200 కిలోలు పడితే ఒక్కో స్ప్రింగుకి 100 కిలోలు, అంటే బండి సుమారు 25 మిల్లీమీటర్లు కుంగుతుంది. చక్రాలు విడివిడిగా కదిలే బండిలో స్ప్రింగు, చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. చక్రం 10 కదిలితే స్ప్రింగు 6 కదిలే చోట ఉంటే, 0.6ని 0.6తోనే గుణించాలి, చక్రానికి అందే గట్టిదనం స్ప్రింగుదానిలో 36 శాతమే. అందుకే ఒక బండి స్ప్రింగు గట్టిదనం ఇంకో బండికి చెప్పే సలహాలు విని తల ఊపడం వరకే మర్యాద.

ఇక రద్దు ఉత్తర్వుల అమలు. ముందు కంప్రెసర్ ఫ్యూజు తీయాలి, తరవాతే జాకీ. కొన్ని బండ్లు తలుపు తీస్తేనే మేలుకుని ఎత్తు సవరించబోతాయి. మనం జాకీ పెట్టిన క్షణాన అధికారి మేలుకోవడం ఎవరికీ మంచిది కాదు. ముందు చక్రాలకి దిమ్మెలు పెట్టి, వెనక ఛాసిస్‌ని రెండు స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు విప్పాలి. ఇరుసు కింద వేరే జాకీ ఉండాలి. బెలూన్లో గాలి కారు టైరు కన్నా రెండు మూడు రెట్ల పీడనంతో ఉంటుంది. కంట్రోల్ మాడ్యూల్‌తో మాట్లాడే స్కానర్‌తో ఖాళీ చేయించాలి, లేదా గొట్టం నట్టుని పావు తిప్పు వదులు చేసి, బుస్సుమన్నంతసేపూ మొహం పక్కకి పెట్టి ఆగాలి. బుస్సు ఆగాకే మిగతాది.

షాకబ్జర్ల కింది బోల్టులు, అవసరమైతే బండి పక్కకి ఒరగకుండా చూసే స్టెబిలైజర్ లింకులు విప్పి, ఇరుసు మెల్లగా దించాలి. ఇక్కడ చూడవలసింది బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ. ఇరుసు బరువంతా వాటికి వేలాడితే ఈ రోజు ఏమీ అవదు, ఘాటీ దిగేటప్పుడు అవుతుంది. పై క్లిప్పు తీస్తే బెలూన్ ఊడి వస్తుంది. ఊడిన గొట్టం కొసకి మూత పెట్టండి. కొన్ని బండ్లలో ఇరుసు ఛాసిస్‌కి కొట్టుకోకుండా ఆపే బంపు రబ్బరు బెలూన్ లోపలే దాగి ఉంటుంది. బెలూన్ పోతే అదీ పోతుంది. కిట్టులో వేరే బంపు రబ్బరు ఇచ్చారో లేదో అప్పుడు కాదు, కొనేటప్పుడే చూసుకోవాలి.

స్ప్రింగుకి పైనా కిందా రబ్బరు ప్యాడ్లు తప్పనిసరి. అవి లేకపోతే ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా టంగుమని మోగుతుంది. స్ప్రింగు కొస సీటులోని గాడి చివరికి తగిలి ఉండాలి. వేలితో తడిమి చూడండి, టార్చి వేసి కాదు. గట్టి ఇరుసు బండ్లలో స్ప్రింగు చేత్తోనే దూరుతుంది. విడివిడి చక్రాల బండిలో స్ప్రింగు నొక్కే క్లాంపులు కావాలి. అవి ఎదురెదురుగా పెట్టి, రెండింటినీ సమానంగా బిగించాలి. ఒకదాన్ని ఎక్కువ బిగిస్తే స్ప్రింగు పక్కకి ఎగిరి ఎవరి ఎముకనో వెతుక్కుంటుంది.

ఇప్పుడు అందరూ ఎగ్గొట్టే మెట్టు. ఇరుసు గాలిలో వేలాడుతుండగానే బోల్టులన్నీ బిగించేసి చేతులు దులుపుకుంటారు. ఆర్మ్ కీలులో ఉండే బుష్షు రబ్బరు బిగించిన స్థితిని తన సహజస్థితి అనుకుంటుంది. బండి నేల మీదికి దిగగానే అది మెలిపడి ఉంటుంది, జీవితాంతం అలాగే ఉండి తొందరగా చిరుగుతుంది. కాబట్టి బోల్టులు చేతితో పట్టించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక, ఎత్తు కుదిరాక, అప్పుడు టార్క్ రెంచితో ఆఖరి బిగింపు. పాత షాకబ్జర్లు నూనె కారుతుంటే అవి కూడా ఇప్పుడే జతగా మార్చేయండి. కొత్త స్ప్రింగుకి పాత షాకబ్జరు తోడైతే బండి గోతి దాటాక కూడా చాలాసేపు ఆ గోతిని తలుచుకుంటుంది.

ఎత్తు కొలవడం కూడా శాస్త్రమే. నేల నుంచి కొలవకండి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలవండి. అప్పుడు టైరు గాలి లెక్కలోకి రాదు. కుడి ఎడమల మధ్య 10 మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే కంగారు అక్కర్లేదు. అంతకు మించితే కొస సీటులో కూర్చోలేదు, లేదా కుడి స్ప్రింగు ఎడమకి వేశారు. కొన్ని కిట్లలో రెండూ ఒకటి కావు.

శాఖ రద్దయినా పై అధికారి మిగిలిపోతాడు. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగించి, "క్షేత్రంలో ఎవరూ లేరు" అని నిత్యం మహజరు పెట్టుకుంటాడు. నల్ల టేపు అతికించడం స్థానిక పరిష్కారం. సరైన పరిష్కారం, స్కానరున్న చోట మాడ్యూల్ కోడింగులోంచి గాలి శాఖని తీసేయించడం, లేదా ఆ బండికి దొరికే బైపాస్ మాడ్యూల్ పెట్టడం. ఇంకో ఉపాయశాలి సెన్సరు కడ్డీని నడిమి ఎత్తులో తీగతో కట్టేస్తాడు, అధికారి సంతృప్తి చెందుతాడు. బాగుంది. కాని చాలా బండ్లలో హెడ్‌లైటుని పైకీ కిందికీ సర్దేది కూడా ఆ సెన్సరు మాటే. తీగతో కట్టిన సెన్సరు ఎప్పుడూ "అంతా సమంగా ఉంది" అనే అంటుంది. వెనక 25 మిల్లీమీటర్లు కుంగితే, రెండు చక్రాల మధ్య 2.8 మీటర్లున్న బండిలో, 50 మీటర్ల దూరంలో వెలుగు సుమారు 45 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. 26వ నంబరు జాతీయ రహదారి మీద సుంకి నుంచి సాలూరు దిగే మలుపుల్లో ఆ వెలుగు నేరుగా ఎదురు డ్రైవరు కళ్లలో పడుతుంది. కాబట్టి గాలి శాఖలో అందరినీ పంపించినా ఆ ఒక్క సెన్సరుని ఉద్యోగంలో ఉంచండి. కడ్డీ నిజంగా ఆర్మ్‌కే తగిలించి, గోడ ముందు బండి నిలిపి హెడ్‌లైటు ఎత్తు సరిచూసుకోండి.

సుమారు 500 కిలోమీటర్లు తిరిగాక స్ప్రింగులు కొద్దిగా సర్దుకుంటాయి. మళ్లీ కొలిచి, బోల్టులు మళ్లీ చూసి, విడివిడి చక్రాల బండికైతే అప్పుడు అలైన్‌మెంట్ చేయించాలి. ముందే చేయిస్తే డబ్బు రెండుసార్లు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకీ తయారీదారు చెప్పినదానికీ పొంతన లేకుండా బండిని మార్చకూడదంటుంది. పత్రంలో స్ప్రింగు గడి లేదని మురిసిపోకుండా ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా ఒక ముక్క చెప్పి, ఆ కాగితం దాచుకోండి.

స్ప్రింగుల బిల్లు కూడా దాచండి, పార్టు నంబరు కనబడేలా. స్ప్రింగుల మీద రంగు గీతలుంటాయి, ఏది ఏ గట్టిదనమో చెప్పేవి అవే. మన మట్టికి ఆ రంగులు మొదటి వానలోనే ఒక్కటైపోతాయి. నాలుగేళ్లకి ఒకటి విరిగి రెండోది తెప్పించవలసి వస్తే, కొట్టువాడు "ఏ రంగుది బాబూ?" అని అడుగుతాడు. "ఎర్రదే" అని చెప్పడానికి సిద్ధంగా ఉండకండి.