పులిగారి హాజరు

ఒడిశా బరంపురంలో ఠాకురాణి జాతర రోజుల్లో పరమశివుడు పెట్రోలు బంకు దగ్గర స్కూటీ ఆపి నూరు రూపాయల పెట్రోలు కొట్టించుకుంటూ కనబడితే ఎవరూ తల తిప్పి చూడరు. వెనక పార్వతి కూడా ఉంటే మాత్రం, ఎవరింటి కుర్రాడో అని ఒకసారి చూస్తారు. రెండేళ్లకోసారి, చైత్రమాసంలో, బుఢీ ఠాకురాణి గుడి వదిలి దేశీబెహరా వీధికి వస్తుంది. దేశీబెహరా అంటే మన తెలుగు నేతవాళ్ల కులపెద్ద. అమ్మవారు ఆయనకి కూతురి లెక్క, అందుకని ఇది పుట్టింటికి రావడం. ఆడపిల్ల పుట్టింటికొస్తే ఇల్లంతా ఎలా తిరగబడుతుందో ఊరంతా అలా తిరగబడుతుంది. మొక్కున్నవాళ్లందరూ వేషాలు కట్టేస్తారు.

మా బావకీ ఒక మొక్కుంది. తనకి తెలిసి మొక్కుకున్నది కాదు. చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే మా అత్తయ్య, అంటే బావ వాళ్లమ్మ, పిల్లాడు లేచి తిరిగితే పులి వేషం కట్టిస్తానంది. పిల్లాడు లేచాడు, తిరిగాడు, చదివాడు, మా అక్కని పెళ్లి చేసుకున్నాడు, ఒక ఫైనాన్స్ కంపెనీలో బండి లోన్ల వసూళ్ల ఉద్యోగంలో చేరాడు. మొక్కు మాత్రం ప్రతి జాతరకీ వచ్చే జాతరకని వాయిదా పడుతూనే ఉంది. చివరికి మా అక్క తేల్చేసింది: "ఊరందరి బాకీలూ వసూలు చేసే మనిషివి, అమ్మవారి బాకీ ఎగ్గొడితే ఎలగ?"

పులి రంగులేసే పాతకాపులందరూ అప్పటికే బుక్కయిపోయారు. ఉన్నవాళ్లు చెప్పిన రేటు విని బావ గుమ్మంలోనుంచే వెనక్కి తిరిగాడు. ఆస్కా రోడ్డులో షాపుల బోర్డులు రాసే స్నేహితుడొకడున్నాడు. "నానేస్తాను గదా, షట్టర్లకేసిన పసుపు డబ్బాలో సగం మిగిలింది. మెరుపు చూడు!" అన్నాడు. బావకి మెరుపు కనబడింది, ఖర్చు లేదన్న సంగతి కనబడింది. అది ఎనామిల్ అని డబ్బా మీద రాసి ఉంది గానీ, ఉచితంగా వచ్చే డబ్బాని తిప్పి చదివే అలవాటు మావాళ్లకి లేదు.

వేషం గొప్పగా కుదిరిందని ఒప్పుకోవాలి. డప్పులకి గెంతుతూ బావ పెద్దబజారంతా తిరిగాడు. తోక పట్టుకుని వెనక నడిచే పని నాది, బావమరిదికి మరేం హోదా దక్కుతుంది! ఇంటికొచ్చాక అత్తయ్య పెళ్లినాటి ఫోడకుంభ అంచు పట్టుచీర కట్టుకుని హారతిచ్చింది. పులి వంగి కాళ్లకి దణ్ణం పెట్టింది. లేచేసరికి చీర అంచు మీద ఐదు వేళ్లూ పడ్డాయి. బరంపురం పట్టుకి 2012లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకేనన్న ముద్ర, వచ్చింది. మా అత్తయ్య చీరకి ఇప్పుడు పంజా గుర్తింపు కూడా ఉంది.

అసలు కథ రాత్రి నీళ్ల గదిలో మొదలైంది. కొబ్బరినూనె రాశారు, నల్ల చారలు కొంచెం జారాయి. సెనగపిండి పెట్టారు. గిన్నెలు తోమే సబ్బు పెట్టారు. అక్క పాత గుడ్డకి కిరసనాయిలు తడిపి చెవి మడతల్లో, ముక్కు పక్కన, మీసం కిందా రుద్దుతుంటే బావ గొంతులోంచి పగలు డప్పుల మధ్య కూడా రాని అసలైన గాండ్రింపులొచ్చాయి. అత్తయ్య బయటనుంచి, "మెల్లగానే, మొక్కుతోపాటు తోలు కూడా పోతాది!" అని అరుస్తోంది. అర్ధరాత్రికి తేలిందేమిటంటే, నలుపు ముప్పాతిక పోయింది, పసుపు పైసా వంతు పోలేదు.

పొద్దున్న సెలవు పెడదామంటే నెలాఖరు. ఆఫీసులో హాజరు ఫోన్లో ముఖం చూపించి వేసుకోవాలి. బావ చూపించాడు. ముఖం సరిపోలలేదంది. కళ్లజోడు తీసి చూపించాడు, సరిపోలలేదు. కళ్లార్పమంది, ఆర్పాడు. ఆర్పినా ఒప్పుకోలేదు. పక్క సీటాయన జాలిపడి పౌడరు డబ్బా ఇచ్చాడు. అది కొట్టుకున్నాక గోడకి సున్నం వేస్తూ మధ్యలో మేస్త్రీ పారిపోయినట్టు తయారయ్యాడు. ఈసారి ఫోను అసలిది ముఖమే కాదంది.

మేనేజరు కటక్ నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి. బావని చూసి ముందు కుర్చీలోంచి లేచాడు, తర్వాత దణ్ణం పెట్టాడు, ఆ తర్వాత, "హాజరు సంగతి నే చూస్తాను, నువ్వు వసూళ్లకి పో" అన్నాడు.

మొదటి ఇల్లు అప్పడాల వ్యాపారిది. బండి వాయిదాలు ఐదు నెలలుగా బాకీ. బావ ఎప్పుడెళ్లినా తలుపు ఓరగా తెరిచి "కాలి ఆసంతు", రేపు రమ్మని, మూసేస్తాడు. ఆ రోజు తలుపు తీసింది వాళ్లమ్మ. పసుపు ముఖం చూడగానే ఆవిడ బావ కాళ్ల మీద చెంబుడు నీళ్లు పోసింది, బూట్ల మీదే. దీపం తిప్పింది. చేతిలో ఇరవై రూపాయలు పెట్టింది. బావ గొంతు సవరించుకుని, "మా, ముఁ ఫైనాన్స్‌రు ఆసిఛి", అమ్మా, నేను ఫైనాన్స్ నుంచి వచ్చాను, అన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి, కర్టెన్ కింద రెండు కాళ్లుగా మాత్రమే కనబడుతున్న కొడుకుని పట్టుకుని ఒడియాలో ఉతికి ఆరేసింది. అమ్మవారి పులి గుమ్మంలోకొచ్చి బాకీ అడిగే గతి పట్టించావట్రా అని. కొడుకు అక్కడికక్కడే ఫోన్లో రెండు వాయిదాలు కట్టాడు. బావ బయల్దేరుతుంటే ఆవిడ మనవడి నెత్తిన చెయ్యి పెట్టమంది. మనవడు ఆ చేతిని కొరికాడు.

ఆ వీధిలో ఇంకో మూడిళ్లవాళ్లు అడక్కుండానే కట్టారు. పాత బస్టాండు దగ్గర కుక్కకి మాత్రం భక్తి లేదు. అది పులిని గాంధీనగర్ దాకా తరిమింది.

సాయంత్రానికి బ్రాంచి లెక్క చూసి మేనేజరు ముఖం వెలిగిపోయింది. హెడ్డాఫీసుకి హాజరు సవరణ కోసం మెయిలు పెడితే, కారణం తాలూకు ఫొటో ఐడీ కార్డుతో సహా పంపమని జవాబొచ్చింది. బావ మెళ్లో కార్డు వేసుకుని నిలబడ్డాడు. ఫొటో తీసి పంపి, మేనేజరు బావ భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నాడట: "ముప్పయ్యో తారీకు దాకా రుద్దొద్దు."

ఇంటికొచ్చేసరికి అక్క కొత్తగా రెండు లీటర్ల కిరసనాయిలు సంపాదించి కూర్చుంది. బావ దగ్గరకి రానివ్వలేదు. ఇన్సెంటివ్ ఎంతొస్తుందో కాగితం మీద లెక్కేస్తున్నాడు. అత్తయ్యకి ఒళ్లు మండింది. "నాను ఒక్కరోజుకే మొక్కానురా! జీతం కోసం వేషం కడితే అమ్మవారు ఊరుకుంటాదా?" అంది. బావ అద్దం ముందుకెళ్లి, ముక్కు మీద గోరుతో గీకి చూసుకున్నాడు. అక్కడ రంగు లేస్తోంది. వెంటనే బోర్డుల స్నేహితుడికి ఫోను కొట్టి, డబ్బాలో ఇంకేమైనా మిగిలిందా అనడిగాడు.

"పసుపు అయిపోనాది," అన్నాడు వాడు. "ఆకుపచ్చుంది, పర్లేదా?"