ఇసుకకు టీఏ, డీఏ ఇవ్వాలి

విశాఖపట్నంలో సర్వీసు రూల్సు లేకుండా ఏళ్ల తరబడి ఊడిగం చేస్తున్నది ఒక్క ఇసుకే. దానికి యూనియన్ లేదు కాబట్టి వకాల్తా నేనే పుచ్చుకుంటున్నాను.

నిజానికి ఇసుకకు మన సాయం అక్కర్లేదు. నైరుతి గాలుల అలలెక్కి దక్షిణం నుంచి ఉత్తరానికి టికెట్ లేకుండా పోయేది. 1933లో మనం ఓడరేవు తెరిచాం. ముఖద్వారంలో మేట వేయకుండా రెండు పాత ఓడల్ని ముంచి అడ్డం పెట్టాం. 1970లలో ఔటర్ హార్బర్ కోసం రాళ్లగోడలు సముద్రంలోకి ఇంకా చొచ్చుకెళ్లాయి. ఇసుక గోడకి ఇవతలే చతికిలబడింది, అవతల ఆర్కే బీచ్ చిక్కి శల్యమైంది. ఇప్పుడు అదే ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి, పైపులోంచి బీచ్ మీద పోస్తున్నాం. దీని పేరు 'ప్రయోజనకర పునర్వినియోగం'. పక్కింటాయన దారికి గోడ కట్టి, ఆయన్ని భుజానెక్కించుకుని ఆ గోడ దాటించి, సమాజసేవ అని ఫొటో దిగినట్టన్నమాట.

ఆ సేవ చూద్దామని వెళ్లాను. పైపు నోట్లోంచి నల్లటి నీళ్లు బుస్సుమని ఎగిరిపడుతున్నాయి. ఆ వెనకే గుల్లలు, ముక్కలైన ఆలిచిప్పలు. మురీ మిక్చర్ బండతను ఉల్లిపాయ తరగడం ఆపకుండానే, "ఇయ్యేల పోస్తారు, రేపు గంగమ్మ అట్టుకుపోద్ది బాబూ" అన్నాడు. నా జీతం సంగతి ఇతనికెలా తెలిసిందా అనుకున్నాను.

తోడినచోట పురుగూ పుట్రా ఇల్లూ వాకిలితో సహా గొట్టంలోకి వెళ్తాయి. పోసినచోట పీతల నెత్తిన స్లాబు పడుతుంది. మడ్డినీళ్లలో వెలుతురు దిగదు, చేపల మొప్పల్లో ఒండ్రు చేరుతుంది. ఇసుక గట్టిపడితే గుడ్లు పెట్టడానికొచ్చే తాబేలు గొయ్యి తవ్వలేదు. ఇవన్నీ కొన్నాళ్లకు కోలుకుంటాయట. మంచిదే. కోలుకునేలోపు మళ్లీ పైపు వస్తుంది, అదొక్కటే చిక్కు.

ఇన్నర్ హార్బర్ బురదకు మాత్రం ఈ మర్యాద దక్కదు. ఊరి మురుగు, మేహాద్రి గెడ్డ మోసుకొచ్చిన చెత్త తిని పెరిగిన శాల్తీ అది. బీచ్ మీద పోస్తే కంపు కొడుతుంది, అందుకని ఓడెక్కించి దూరంగా సముద్రంలో వదులుతారు. అక్కడ ముక్కున్నవాళ్లెవరూ కాపురం ఉండరు కదా.

కనుక నా డిమాండ్లు రెండే. ఇసుకకు బదిలీ అయిన ప్రతిసారీ టీఏ, డీఏ ఇవ్వాలి. పీతలకు పదిహేను రోజుల ముందు నోటీసివ్వాలి, అదీ తెలుగులో. అభ్యంతరాలుంటే మూడు కాపీలు, గెజిటెడ్ సంతకంతో, ఆఫీసు వేళల్లో స్వయంగా వచ్చి ఇచ్చుకోవచ్చు. అడ్డంగా నడుస్తాయి కాబట్టి వాటికి మన ఆఫీసుల్లో దారి వెతుక్కోవడం కష్టం కాదు.