కార్డెనాస్ పేరుతోనే కార్డెనాస్‌కు ద్రోహం

మెక్సికోలో 2013 డిసెంబరులో జరిగింది చూస్తే కోపం రాక మానదు. 1938 నుంచి ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉన్న చమురు రంగాన్ని విదేశీ కంపెనీలకు తెరిచే రాజ్యాంగ సవరణను 11న సెనేట్, 12కల్లా దిగువ సభ ఆమోదించేశాయి. దిగువ సభలో కమిటీ చర్చ కూడా లేదు. వామపక్ష సభ్యులు సభా వేదికను దిగ్బంధిస్తే, మిగతావాళ్లు వేరే హాల్లో కూర్చుని ఓటేశారు. వారం తిరక్కుండానే సగానికి పైగా రాష్ట్రాల శాసనసభలు దానిపై ముద్ర వేశాయి. ఎందుకింత తొందర?

తొందర కన్నా బాధించేది అప్పటి అధ్యక్షుడు పెన్యా నియెతో వాడుకున్న పేరు. 1930ల నాటి అధ్యక్షుడు లాసారో కార్డెనాస్ మాటలనే రాజ్యాంగంలోకి తిరిగి తెస్తున్నామని ఆయన చెప్పారు. కార్డెనాస్ ఏం చేశారు? కార్మికుల జీతాలపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును సైతం లెక్కచేయని విదేశీ చమురు కంపెనీలను 1938 మార్చి 18న జాతీయం చేశారు. నష్టపరిహారం కట్టడానికి ఆడవాళ్లు పెళ్లి ఉంగరాలు తెచ్చిచ్చారు, పేదలు కోళ్లు పట్టుకొచ్చారు. ఆ జనం ఇచ్చింది ఏ కంపెనీ కోసం?

ప్రైవేటు కాంట్రాక్టులకు కార్డెనాస్ కాలపు చట్టంలో చోటుందని, 1960లోనే రాజ్యాంగం వాటిని పూర్తిగా నిషేధించిందని ప్రభుత్వం వాదించింది. నిజమే. కానీ ఒక చట్టంలోని వాక్యాన్ని పట్టుకుని ఆ మనిషి జీవితకాలపు పోరాటాన్ని తలకిందులు చేయడం న్యాయమా? ఆయన కొడుకు, వామపక్ష నేత క్వావ్తెమొక్ కార్డెనాస్ ఈ సవరణను గట్టిగా వ్యతిరేకించారు. తండ్రి ఆశయం కొడుకు కన్నా ఆ ప్రభుత్వానికే బాగా తెలుసా?

ఉత్పత్తి తగ్గిన మాట వాస్తవం. 2004లో రోజుకు దాదాపు 34 లక్షల పీపాలు తీసిన ప్రభుత్వ చమురు సంస్థ పెమెక్స్ 2013 నాటికి 25 లక్షల దగ్గరకు వచ్చింది. లోతైన సముద్రంలో తవ్వడానికి డబ్బూ, టెక్నాలజీ కావాలి. అయితే ఆ డబ్బు ఏమైంది? ప్రభుత్వ ఆదాయంలో సుమారు మూడో వంతు ఏళ్ల తరబడి చమురు నుంచే వచ్చింది. వచ్చిన లాభమంతా పన్నుల రూపంలో ఊడ్చుకుపోయి, కొత్త బావులకు చాలినంత మిగల్చకుండా, చివరికి సంస్థే చేతకానిదని ముద్ర వేశారు. మేత వేయకుండా పాలు పిండుకుని, గేదె వట్టిపోయిందని సంతకు తోలినట్టుంది ఇది. పన్నుల భారం తగ్గించండి, సంస్థలోని అవినీతిని కడగండి అంటే ఇన్నాళ్లూ వినలేదు కదా!

పెమెక్స్‌ను అమ్మడం లేదని పెన్యా నియెతో పదేపదే అన్నారు. సంస్థను అమ్మక్కర్లేదు. లాభాల్లో వాటా, ఉత్పత్తిలో వాటా రాసిస్తే చాలు, చమురు చేతులు మారుతుంది. అది మంచి పనే అని అంత నమ్మకముంటే, ప్రజాభిప్రాయ సేకరణ కోరుతూ లక్షల మంది చేసిన సంతకాలను పక్కన పెట్టడం దేనికి? జనాన్ని అడిగే ధైర్యం లేనివాళ్లు ఆ జనం నాయకుడి పేరు అడ్డుపెట్టుకోవడం సిగ్గుచేటు. ఈ సవరణ మాదేనని చెప్పుకోండి, దాని మంచిచెడ్డలకు మీరే జవాబివ్వండి. కార్డెనాస్ పేరు మాత్రం దానికి తగిలించకండి.